మా వీధిలో పన్ను కట్టే మనిషి

దేశంలో ఆదాయపు పన్ను కట్టే పౌరుడు మా వీధిలోనే ఉన్నందుకు మా వీధివాళ్ళం ఎంత పొంగిపోయామో చెప్పలేను. పౌరులు అని రాయబోయి పౌరుడు అని రాశానేమో అనుకోకండి. ఆయన ఒక్కరే. మిగతా దేశమంతా చట్టప్రకారం, పద్ధతి ప్రకారం, ఎవరి మినహాయింపు వాళ్ళు తీసుకుని సుఖంగా ఉంది. పన్నుల సంస్కరణ దిగ్విజయంగా ముగిసిందని ప్రభుత్వం ప్రకటించింది. కాదనడానికి ఎవరికీ కారణం కనిపించలేదు.

ఆయన ఆదాయపు పన్ను శాఖలో చట్టాల ముసాయిదాలు రాసే అధికారి. ఆఫీసులోనూ వీధిలోనూ, చివరికి అత్తవారింట్లో కూడా అందరూ ఆయన్ను ముసాయిదాగారనే పిలుస్తారు. ఇంట్లో ఉప్పు నిండుకుందని చెప్పాలన్నా కర్త, కర్మ, క్రియ సరిచూసుకుని గానీ నోరు విప్పని మనిషి. అలాంటి మనిషి దేశానికంతటికీ పన్ను కట్టే స్థితికి ఎలా ఎదిగారో తెలుసుకోవడం భావితరాలకు మంచిది.

కథ ఎన్నికలకు ముందు ఏడాది మొదలైంది. అప్పటికి మన పాత పన్ను చట్టం బాగా ఒళ్ళు చేసి ఉంది. ఆఫీసులో దాని ఒక్కో ప్రతి ఒక్కో విధంగా ఉపయోగపడేది. గాలికి కొట్టుకునే తలుపుకు ఒకటి అడ్డం పెట్టారు. పొట్టిగా ఉండే టైపిస్టు ఇంకొకటి కుర్చీలో వేసుకుని కూర్చునేది. చదవడానికి మాత్రం ఎవరూ సాహసించలేదు. పూర్వం ఒకాయన మొదటినుంచి చివరిదాకా చదివాడంటారు. ఆయన ఇప్పుడు ఇంట్లో మొక్కలకు నీళ్ళు పోసుకుంటూ ఉంటాడు, ఎవరితోనూ మాట్లాడడు.

ఆర్థిక మంత్రి ఒక బహిరంగ సభలో ఇలా అన్నారు: "నా పన్ను నేను లెక్క వేసుకోవాలని కూర్చున్నాను. నావల్ల కాలేదు. నేను ఆర్థిక మంత్రిని. నాకే అర్థం కానిది నా అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ఎలా అర్థమవుతుంది? ఈ చట్టాన్ని తీసేస్తున్నాను. దాని చోట ఒక్క వాక్యం పెడతాను. ఒకే ఒక్క వాక్యం." జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆర్థిక మంత్రికి లెక్కలు రావన్న సంగతి అంత గౌరవప్రదంగా బయటపడటం అదే మొదటిసారి.

ఆ వాక్యం రాసే పని ముసాయిదాగారికి వచ్చింది. ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఆయన చేసిందల్లా ఇంకొకరు రాసిన వాక్యాలకు తోకలు తగిలించడమే. సొంత వాక్యం అంటూ ఒకటి రాసే యోగం కలగలేదు. రిటైరయ్యే ముందు ఆ యోగం పట్టింది. కొన్ని వారాలపాటు ఆయన బస్సులో పెదవులు కదుపుతూ కనిపించారు. చివరికి పూర్తి చేసి, ఆ కాగితం ఇంటికి తెచ్చి, ముందు గదిలో కుట్టుమిషను దగ్గర కూర్చున్న భార్యకు నిలబడి చదివి వినిపించారు.

"సంపాదించే ప్రతి ఒక్కరూ తమ సంపాదనలో పదో వంతు ప్రభుత్వానికి కట్టవలెను."

ఆవిడ మిషను ఆపి విన్నది. "బాగుందండీ. ఇంత చిన్న మాటకు ఇన్నాళ్ళూ అంత లావు పుస్తకం ఎందుకు?"

"అది వేరే వాళ్ళు రాశారు."

"మీరు రోజూ పొద్దున్నే వెళ్ళింది ఆ పుస్తకం దగ్గరికే కదా మరి."

ముసాయిదాగారు కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆవిడ రెట్టించలేదు. ఆవిడ ధ్యాసంతా వేరే దానిమీద ఉంది. ఆయన రిటైరయ్యాక ముందు గదిలో కుట్టుపని నేర్పే బడి పెట్టాలని, ఆవిడ నేర్పుతుంటే ఆయన పక్కన కూర్చుని కాజాలు కుట్టాలని ఇద్దరూ ఎప్పుడో నిశ్చయించుకున్నారు. ఆయన అప్పటికే పాత చొక్కాలమీద కాజాలు సాధన చేస్తున్నారు. బొత్తం కొంచెం బిగుతుగా పట్టేది గానీ గీత మాత్రం ఎక్కడా వంకర పోయేది కాదు. పెళ్ళయినప్పటినుంచీ ఆయన పగలు ఇంట్లో ఉండగా ఆవిడ చూసింది జ్వరం వచ్చినప్పుడే. ఆవిడకు ప్రభుత్వం దగ్గరనుంచి కావలసింది ఒక్కటే, తన మొగుణ్ణి తనకు తిరిగి అప్పగించడం.

వాక్యాన్ని పటం కట్టించి మంత్రిగారి గదిలో గోడకు తగిలించారు. పటం కట్టింది ముసాయిదాగారి బావమరిదే. బజారు మలుపులో అతనికి పటాల దుకాణం ఉంది. విలేకరులు వచ్చి వాక్యం పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ప్రతిపక్ష నాయకుడు సైతం, ఈ వాక్యం తమ హయాంలోనే తమ మనసులో మెదిలిందని, ప్రభుత్వం దాన్ని కాజేసిందని మెచ్చుకున్నాడు. ఆ రోజుల్లో ముసాయిదాగారు నడిచే తీరే మారిపోయింది.

అయితే ప్రజాస్వామ్యంలో ప్రజల అభిప్రాయం అడగకుండా ఏ పనీ చేయరాదు గదా. మంత్రిగారికి ఒక సలహాదారు ఉన్నాడు. ఎప్పుడూ చిరునవ్వుతో ఉండే మనిషి. ఆయన సంస్కరణకు ఒక నిర్వచనం ఇచ్చాడు. "సంస్కరణ అంటే అందరికీ కనిపించాలి, ఎవరికీ తగలకూడదు." ఆ సూత్రం ప్రకారం శాఖ సమావేశ మందిరంలో అభిప్రాయ సేకరణ ఏర్పాటయింది. పొడుగాటి బల్లకు ఒక వైపు సలహాదారు, ముసాయిదాగారు కూర్చున్నారు. ఇంకో వైపు ప్రజలు వంతులవారీగా వచ్చి కూర్చుని టీ తాగి అభిప్రాయం చెప్పిపోయేవారు.

మొదట వృద్ధుల సంఘం వచ్చింది. వాళ్ళు ముందుగా వాక్యాన్ని పొగిడారు. ఎంత పొదుపు, ఎంత స్పష్టత, మా కాలంలో ఇలాంటి వాక్యాలు ఉండేవి అన్నారు. ముసాయిదాగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత వాళ్ళు చిన్న సవరణ అడిగారు. జీవితమంతా కష్టపడ్డవాళ్ళు పెన్షనుమీద కూడా కట్టాలా అన్నారు. సలహాదారు ముసాయిదాగారి వైపు చూశాడు. ముసాయిదాగారు కలం తీశారు.

ఇక్కడ ఆ శాఖలో ఉన్న ఒక ఆచారం గురించి చెప్పాలి. అక్కడ రాసినదాన్ని కొట్టివేయడమంటూ ఉండదు. కొట్టివేస్తే, ముందు రాసినవాడు తప్పు చేశాడని ఒప్పుకున్నట్టవుతుంది. అందువల్ల పైవాక్యాన్ని అలాగే ఉంచి, దాని కింద "అయితే" అని మొదలుపెట్టి కొత్త వాక్యం చేరుస్తారు. పాత చట్టం అంత ఒళ్ళు చేయడానికి కారణం ఇదేనని బయటివాళ్ళు అంటారు. లోపలివాళ్ళకు మాత్రం అందులో తప్పేమీ తోచలేదు. ముసాయిదాగారు చక్కని అక్షరాలతో "అయితే, పెన్షను పుచ్చుకొనువారికి ఇది వర్తించదు" అని చేర్చారు. మూల వాక్యం చెక్కుచెదరలేదు.

ఆ కబురు ఊళ్ళోకి పాకింది. వాక్యాన్ని పొగిడితే పని జరుగుతుందని తెలిసిపోయింది. ఇళ్ళు అద్దెకిచ్చే యజమానులు వచ్చి వాక్యాన్ని పొగిడి, అద్దె వసూలు చేయడంలో తాము పడే మనోవేదన వివరించి మినహాయింపు పొందారు. అద్దెకుండేవాళ్ళు వచ్చి, ఆ అద్దె కట్టడంలో తమ మనోవేదన ఇంకా పెద్దదని నిరూపించి మినహాయింపు పొందారు. సొంత ఇల్లూ అద్దె ఇల్లూ లేక అత్తవారింట్లో ఉండేవాళ్ళు వచ్చి ఏమీ మాట్లాడకుండా తలవంచుకుని కూర్చున్నారు. వాళ్ళకు అడగకుండానే ఇచ్చారు.

వ్యాపారుల వాదన చాలా శాస్త్రీయంగా ఉంది. తాము ఏనాడూ పన్ను కట్టి ఎరగమని, అలవాటు లేని పని హఠాత్తుగా మొదలుపెడితే గుండెకు మంచిది కాదని వారు చెప్పారు. ఈ సంగతిని వైద్యుల సంఘం ధ్రువీకరించింది. వైద్యులకు అప్పటికే మినహాయింపు దొరికింది, రోగులు ఇచ్చే డబ్బులో క్రిములుంటాయన్న ప్రాతిపదికమీద. సినిమా నటులు తెరమీద అనుభవించిన కష్టాలకు పొందారు. గతంలో పన్ను కట్టినవారి వారసులు, తమ వంశం ఇప్పటికే ఒకసారి నష్టపోయిందని చెప్పి పొందారు. ఎడమచేతివాటం వాళ్ళు ఆ ఉదయమే సంఘం పెట్టుకుని, మధ్యాహ్నానికి పొంది, సాయంత్రానికి సంఘాన్ని రద్దు చేసుకున్నారు. పన్ను కట్టాలన్న సదుద్దేశం నిండుగా ఉండి, మతిమరుపువల్ల కట్టలేకపోయేవారి పక్షాన ఒక న్యాయవాది కంటతడి పెట్టించేలా వాదించాడు. వాళ్ళూ పొందారు, ఆయనా పొందాడు.

ముసాయిదాగారి ఇల్లాలి వంటి వాళ్ళకు, అంటే ఇంటి పట్టున ఉండి కుట్టుపని, అల్లికపని చేసుకునేవాళ్ళకు ఒక మధ్యాహ్నం మినహాయింపు దొరికింది. ఆవిడ ఆ బృందంలో వెళ్ళలేదు. బడి దుస్తుల గిరాకీ ఎక్కువగా ఉన్న రోజులవి, తీరిక లేదు.

బావమరిది మాత్రం ఆఫీసు దాకా రాకుండా ఇంటికే వచ్చాడు. "బావగారూ, మీ వాక్యానికి పటం కట్టినవాణ్ణి. నేనే పన్ను కడితే నలుగురూ ఏమనుకుంటారు, మీకే నామర్దా కదా" అన్నాడు.

"నువ్వు సంఘం తరఫున రావాలి. ఒక్కడివే వస్తే కుదరదు."

"సంఘం ఎంతలో పని బావగారూ. మా కుర్రాళ్ళు ఇద్దరున్నారు, నేనున్నాను. పటాల వృత్తిదారుల సంఘం. అధ్యక్షుణ్ణి నేనే."

పటాలవాళ్ళకు వచ్చింది. ఆ తర్వాత అతనికి చేతినిండా పని. "అయితే"లు చేరేకొద్దీ మంత్రిగారి గదిలో పటం పెద్దది చేయవలసి వచ్చేది. మొదట గోడ నిండింది, తర్వాత కిటికీ మూసుకుపోయింది. వెలుతురు తగ్గినా మంత్రిగారు ఫిర్యాదు చేయలేదు. "మూల వాక్యంలో ఒక్క అక్షరం మార్చామా? చూపించండి" అని సభలో సవాలు విసిరారు. ఎవరూ చూపించలేకపోయారు. ముసాయిదాగారు కూడా రాత్రిళ్ళు అదే మాట తనకు తాను చెప్పుకునేవారని వాళ్ళావిడ తర్వాత మాకు చెప్పింది. ఆ మనిషి ఆ వాక్యాన్ని నిజంగా ప్రేమించారు. దానికి ఏ హానీ జరగలేదని నమ్మడం ఆయనకు అవసరం.

ప్రతిపక్షం ఊరుకోలేదు. ప్రభుత్వం సామాన్యుడి వెన్ను విరుస్తోందని, తాము అధికారంలోకి వస్తే ఇంకా మిగిలిపోయిన వాళ్ళకు కూడా మినహాయింపు ఇస్తామని ప్రకటించింది. ఇంకా మిగిలినవాళ్ళెవరని వెతికితే నెలజీతగాళ్ళు కనిపించారు. వాళ్ళను అంతదాకా ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం ఉంది. వాళ్ళ పన్ను జీతం చేతికి రాకముందే తెగిపోతుంది, అడగవలసిన పని లేదు. కానీ ఓట్లు మాత్రం వాళ్ళకూ ఉన్నాయి. ప్రతిపక్షం ఇస్తానంటే ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోదు కదా. పోలింగు దగ్గర పడగానే, జీతగాళ్ళందరికీ మినహాయింపు ఇమ్మని సలహాదారు ముసాయిదాగారి బల్లమీద చీటీ పెట్టాడు.

ముసాయిదాగారు మొదటిసారి కలం కింద పెట్టారు. తాను లాభపడే వాక్యం తాను రాయరాదన్నది ముసాయిదా విభాగంలో నియమం. అలాంటిది వస్తే పక్క సీటువాళ్ళకు పంపాలి. పక్క సీటాయనా జీతగాడే. ఆయన పక్క సీటావిడా జీతగత్తే. అంతస్తులో అందరూ, భవనంలో అందరూ జీతగాళ్ళే. నియమం పాటిస్తే వాక్యం రాసేవాడు దేశంలో ఎక్కడా దొరకడు.

"ఏముందండీ, రాసెయ్యండి. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు సలహాదారు.

"నేను చూస్తాను కదండీ."

సలహాదారుకు ఆ జవాబు అర్థం కాలేదు. అలాంటి జవాబులు ఆయన వృత్తిలో అరుదు. ముసాయిదాగారు కాసేపు ఆలోచించి, నియమానికీ ప్రభుత్వానికీ కూడా భంగం లేని ఉపాయం కనిపెట్టారు. "అయితే, ఈ ముసాయిదా వ్రాసిన అధికారి మినహా, జీతము తీసుకొనువారెవరికీ ఇది వర్తించదు" అని రాశారు. కామాలు సరిచూసుకుని, సంతకం పెట్టి, బస్సెక్కి ఇంటికి వచ్చారు.

"మిమ్మల్ని మీరే తీసేసుకున్నారా?" అంది ఇల్లాలు.

"తీసేసుకోలేదు. కలుపుకోలేదు."

"ఆ రెంటికీ తేడా ఏమిటండీ?"

"చట్టంలో చాలా తేడా ఉంది." ఆయన కాజా కుట్టుకుంటూ కూర్చున్నారు. ఆ రోజు కాజా బాగా కుదిరిందట.

ప్రభుత్వం గెలిచింది. చట్టం అమల్లోకి వచ్చింది. సంవత్సరాంతానికి లెక్క చూసుకుంటే, దేశంలో పన్ను కట్టింది ఒక్కరు. మరి ప్రభుత్వం దేనితో నడుస్తోందని అమాయకులు అడగవచ్చు. సబ్బుమీద, అగ్గిపెట్టెమీద, చెప్పులమీద, బస్సు టికెట్టుమీద సుంకాలు పెంచారు. జనం సంతోషంగానే కట్టారు. అది పన్ను కాదు, ధర. ధర పెరిగితే దుకాణదారుణ్ణి తిడతాం, ప్రభుత్వాన్ని కాదు. సబ్బు ఎంత పెట్టి కొంటున్నామో తెలిసి కూడా, పన్ను లేని దేశంలో ఉన్నామని మేం తృప్తిగా స్నానం చేశాం.

అయినా ముసాయిదాగారి అవసరం తీరలేదు. పైదేశాలవాళ్ళు మనకు అప్పిచ్చేముందు, "మీ దగ్గర ఆదాయపు పన్ను వ్యవస్థ ఉందా?" అని అడుగుతారు. ఉందని నిజాయితీగా చెప్పాలి. నిజాయితీకి ఒక్క మనిషైనా ఉండాలి. ఆ ఒక్క మనిషి ముసాయిదాగారు.

ఆదాయపు పన్ను శాఖ అంతా ఆయన వెంటపడింది. అంత పెద్ద భవనం, అన్ని అంతస్తులు, అంతమంది అధికారులు, ఉన్నది ఒకే ఒక్క ఫైలు. దానికోసం అంతస్తుల మధ్య కీచులాటలు వచ్చాయి. పరిశీలన విభాగం ఆయనకు నోటీసు పంపింది. దాన్ని ఎందుకు పంపారని పునఃపరిశీలన విభాగం ఇంకో నోటీసు పంపింది. ఆయన తన సీట్లోంచి లేచి, మెట్లెక్కి పై అంతస్తుకు వెళ్ళి, తనతో రోజూ టీ తాగే అధికారి ఎదుట చేతులు కట్టుకుని నిలబడేవారు. "ఈ డబ్బు మీకెక్కడిది?" అని ఆ అధికారి అడిగేవాడు. "మీరే ఇచ్చారండీ, జీతం" అని ఈయన చెప్పేవారు. అధికారి దాన్ని అనుమానంగా రాసుకునేవాడు. తర్వాత ఇద్దరూ కలిసి టీకి వెళ్ళేవారు.

మా వీధివాళ్ళం ఆయన్ను ఎంత గౌరవించామంటే, ప్రభుత్వం చేయని పనులన్నీ ఆయన్నే అడిగాం. వీధి దీపం ఆరిపోతే ఆయన తలుపు కొట్టాం. బడి పైకప్పు కారుతోందని ప్రధానోపాధ్యాయురాలు ఆయన్ను దారిలో ఆపి గట్టిగా నిలదీసింది. "మీరు కట్టే పన్ను ఏమవుతోందండీ?" అని అడిగింది. ఇల్లాలు కుట్టుమిషనుకు కొత్త మోటారు కొనుక్కుంటే, దేశం ఇలాంటి స్థితిలో ఉండగా పన్ను చెల్లింపుదారు దుబారా చేయడం తగునా అని ఒక పత్రిక సంపాదకీయం రాసింది. ఆయనకు దగ్గు వస్తే స్టాకు మార్కెట్టు కొంచెం తగ్గేది.

ఆ విధంగా రిటైరయ్యే రోజు దగ్గరకొచ్చింది. ఇల్లాలు ముందు గదికి సున్నం వేయించింది. కుట్టుపని నేర్చుకోవడానికి ఏడెనిమిదిమంది ఆడపిల్లలు పేర్లిచ్చారు. కాజాలు కుట్టేందుకు కిటికీ పక్కన, వెలుతురు బాగా పడేచోట ఒక కుర్చీ వేయించింది. అప్పుడు సలహాదారుకు ఒక సంగతి తట్టింది. ముసాయిదాగారు రిటైరైతే పెన్షనుదారు అవుతారు. పెన్షనుదారులకు పన్ను లేదు. ఆ మర్నాటినుంచి దేశంలో ఆదాయపు పన్ను వ్యవస్థ ఉండదు.

వెంటనే ఉత్తర్వు వచ్చింది. జాతీయ అవసరాల దృష్ట్యా ఆయన సర్వీసును "తదుపరి ఏర్పాటు జరిగేవరకు" పొడిగించారు. మంత్రిగారు స్వయంగా మా వీధికి వచ్చి, ఆయనకు జ్ఞాపిక ఇచ్చి, భుజంమీద చెయ్యి వేసి ప్రసంగించారు. "సైనికుడు సరిహద్దులో నిలబడతాడు. ఈయన సంస్కరణ సరిహద్దులో నిలబడ్డాడు. అటు ఈయన, ఇటు మనమందరం. ఈయన్ను చూసి మనమందరం నేర్చుకోవాలి." మేం గట్టిగా చప్పట్లు కొట్టాం. నేర్చుకోవాలన్నారు గానీ కట్టాలనలేదు కదా, అందుకని ధైర్యంగా కొట్టాం.

చప్పట్ల మధ్య ఇల్లాలు సలహాదారు దగ్గరికి వెళ్ళింది. "ఆయన్ను ఎప్పుడు వదిలిపెడతారు బాబూ?" అని అడిగింది.

"ఆయన లేకపోతే సంస్కరణే లేదమ్మా."

"ఇంతమంది ఉన్నారు కదా. ఇంకొకరెవరైనా కడితే ఆయన ఇంటికొస్తారు కదా."

సలహాదారు చిరునవ్వు మొదటిసారి కాస్త తగ్గింది. "ఆ మాట గట్టిగా అనకండమ్మా" అన్నాడు.

ఇంట్లో ఆవిడ ఏమందో, ఆయన ఏమన్నారో నాకు తెలియదు. సోమవారం ఉదయం మాత్రం ముసాయిదాగారు ఆ సమావేశ మందిరంలోనే, బల్లకు ఇంకో వైపు, ప్రజలు కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. మినహాయింపు కోరడానికి వచ్చారు. కబురు తెలిసి సంఘాలన్నీ హాలు నిండా చేరాయి. ఆచారం ప్రకారం ముందు వాక్యాన్ని పొగడాలి. ఆయన నిలబడి, "వాక్యం బాగుంది" అన్నారు. "నాకు కూడా వర్తించకుండా చేయమని కోరుతున్నాను. నేను అలసిపోయాను."

హాలు మండిపడింది. వృద్ధుల సంఘం అధ్యక్షుడు కర్ర నేలకేసి కొట్టి, "ఎవడికి వాడు ఇలా తప్పించుకుంటూ పోతే దేశం ఏమైపోవాలి?" అన్నాడు. వ్యాపారులు తమకు గుండెదడగా ఉందన్నారు. న్యాయవాది, పన్ను కట్టడం పౌరుడి కనీస ధర్మమని ఉదాహరణలతో నిరూపించాడు. సినిమా నటుడు ఏడ్చాడు. బావమరిది కూడా లేచి, "బావగారూ, మా అక్క మొగుడని చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది" అన్నాడు. ముసాయిదాగారు తలవంచుకుని నిలబడ్డారు. నిజం చెప్పాలంటే, అక్కడున్నవాళ్ళలో సిగ్గుపడింది ఆయన ఒక్కరే.

అప్పుడు వెనక వరసలోంచి ఇల్లాలు లేచింది. చేతి సంచీ భుజాన తగిలించుకుని బల్ల దగ్గరికి వచ్చింది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది, పని మధ్యలోంచి వచ్చినట్టుంది.

"నాకు కుట్టుమీద వస్తుంది. ఆయన జీతమంత కాదు, ఏదో వస్తుంది. నా పేరు రాసుకోండి. నేను కడతాను. ఆయన్ను ఇంటికి పంపండి" అంది.

హాలు ఒక్కసారిగా చల్లబడింది. ఆవిడ ఎంత కడుతుందని ఎవరూ అడగలేదు. ఒకరు కడితే చాలు, ఆ ఒకరు తాము కాకపోతే చాలు. అయితే చిక్కొకటి వచ్చింది. కుట్టుపనివాళ్ళకు మినహాయింపు ఉంది, దాన్ని వద్దనుకునే వీలు చట్టంలో లేదు. అంతదాకా అలాంటి కోరిక ఎవరికీ కలగలేదు. "కట్టదలచినవారు కట్టవచ్చును" అని ఒక వాక్యం చేరిస్తే సరిపోతుందని టైపిస్టు సూచించింది. ఆ వాక్యంలోని ప్రమాదాన్ని సలహాదారు వెంటనే పసిగట్టాడు. కట్టవచ్చునని చట్టంలో ఉంటే, "మీరూ కట్టవచ్చు కదా" అని రేపు ఎవరైనా ఎవరినైనా అడగవచ్చు. సమాజంలో మనస్పర్థలు వస్తాయి. అందుచేత ఆయన తానే కలం తీసుకుని, ముసాయిదాగారి భార్యకు మాత్రం వర్తించేటట్టు ఒక వాక్యం రాశాడు. అందులో క్రియ ఎక్కడుందో ఎవరికీ కనిపించలేదు. ముసాయిదాగారు చూశారు, బాధపడ్డారు, భార్య వెంట ఇంటికి నడిచారు.

ఆయన ఇప్పుడు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని కాజాలు కుడుతున్నారు. ఆడపిల్లలు ఆయన్ను తాతగారూ అని పిలుస్తారు. బొత్తం ఇంకా కొంచెం బిగుతుగానే పడుతోంది గానీ, ఆయన మొహంలో అలాంటి వెలుగు నేనెన్నడూ చూడలేదు. ఆవిడ మిషను తొక్కుతూ మధ్యమధ్య తలతిప్పి ఆయన్ను చూసుకుంటుంది. చూస్తే నాకు కూడా సంతోషం వేసింది.

పన్ను కట్టాలి కాబట్టి ఆవిడ కుట్టుకూలి కొంచెం పెంచింది. ఎక్కువేమీ కాదు, పదో వంతు. మేం ఆవిడ త్యాగాన్ని ఎంతో మెచ్చుకుని, మా బట్టలు పక్క వీధి దర్జీకి ఇవ్వడం మొదలుపెట్టాం. అతనికి మినహాయింపు ఉంది, చౌకగా కుడతాడు. కుట్టు అంత బాగుండదు గానీ, ఆ మిగిలిన డబ్బుతో సబ్బు వస్తుంది. పోయిన నెల నేను కూడా రెండు చొక్కాలు అక్కడే కుట్టించుకున్నాను. దారిలో ముసాయిదాగారు కిటికీలోంచి పలకరిస్తే, సంచీ ఇంకో చేతిలోకి మార్చుకుని పలకరించాను.

ఆవిడ రాబడి బాగా తగ్గిపోయింది. ఇదే తీరున సాగితే సంవత్సరాంతానికి పదో వంతు తీయడానికి అసలంటూ ఏమీ మిగలదని శాఖ ఆందోళన చెందుతోంది. కాబట్టి ప్రభుత్వం మళ్ళీ ఒక మనిషికోసం వెతుకుతోంది. ఒక్కరు చాలు. నీతిమంతులైతే మంచిది. మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే దయచేసి వాళ్ళ పేరు పంపండి. మీ పేరు పంపమని మేం అడగడం లేదు, మీ ఇబ్బందులు మాకు తెలుసు.